గుబురవ్వ నోటి మాట, పాము కుబుసం

ఒకప్పుడు, కొండలు కూడా మాట్లాడే రోజుల్లో, పాముకి పుట్టినప్పుడు ఏ తోలు ఉంటే కడదాకా అదే తోలు. ఒళ్ళు పెరిగేది, తోలు పెరిగేది కాదు. పాపం, పాములన్నీ ఒళ్ళు బిగుసుకుపోయి, దురదతో కనబడిన రాయికల్లా రాసుకుంటూ తిరిగేవి.

ఆ అడవిలో ఇంకో తంటా కూడా ఉండేది. అక్కడ ఎవరు ఎవర్ని ఏమని బెదిరించినా, అన్నది అన్నట్టు చేసి తీరాలి. చెయ్యకపోతే, అడవికంతటికీ నీళ్ళిచ్చే కొండ తన ఊటని ఆపేసేది. ఎప్పుడో పెద్దలు పెట్టిన కట్టుబాటు. అందుకని అందరూ ఆచితూచి మాట్లాడేవాళ్ళు, ఒక్క గుబురవ్వ తప్ప.

గుబురవ్వ అంటే ముసలి ఎలుగుబంటి. మనసు వెన్నే గానీ, అబ్బో, ఆ నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. చెవులు సాగదీస్తానని ఓసారి కుందేలు మీద కేకలేసింది. ఇంకేముంది, సాగదియ్యాల్సి వచ్చింది. పిర్రలు ఎర్రబడేలా వాయిస్తానని కోతిని అంది. ఆ కోతి సంగతి మీకు తెలుసుగా, నవ్వకండి మరి. అలా చెయ్యాల్సి వచ్చిన ప్రతిసారీ అవ్వ గుహకొచ్చి, తిండి మానేసి ఏడ్చేది. మర్నాడు మళ్ళీ మామూలే.

అవ్వ దగ్గర మెలిక అనే జెర్రిపోతు పిల్ల ఉండేది. దానికి తల్లి లేదు. చలికాలం తన బొచ్చులో పడుకోబెట్టుకుని అవ్వే పెంచింది. మెలిక కాసేపు కనబడకపోతే ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడేవి కావు.

ఓ ఎండాకాలం అవ్వ ఇప్పపూలు ఏరి, వాగు పక్క బండ మీద ఎండబోసింది. వానాకాలానికంతటికీ అదే తిండి. ఆ రోజు మెలికకి దురద ఆపుకోలేకుండా ఉంది. బండ గరుకుగా తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది. అటు దొర్లింది, ఇటు దొర్లింది. పూలన్నీ వాగులో పడి కొట్టుకుపోయాయి.

అవ్వ వచ్చి చూసింది. ఒళ్ళు మండిపోయింది.

"ఉండవే, నీ తోలు వలిచేస్తా" అని అరిచేసింది.

అన్నాక గానీ ఏమన్నదో తెలియలేదు. రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏం లాభం, కొండ వినేసింది. చూస్తుండగానే వాగు సన్నబడి ఆగిపోయింది.

అవ్వ పరుగున పోయి కొండ కాళ్ళ మీద పడింది. కోపంలో నోరు జారిందని, పిల్ల తన ఒళ్ళో పెరిగిందని, కావాలంటే తన తోలే వలుచుకోమని బతిమాలింది. తనకి మాత్రం ఇది సరదానా, కట్టుబాటు కట్టుబాటేనని కొండ గొణిగింది. ఊట ఎండితే ఎండనీ, పిల్ల మీద చెయ్యి వెయ్యనంటూ అవ్వ గుహలో ముడుచుకు కూర్చుంది.

అడవి గొంతెండిపోయింది. లేడిపిల్లలు బురద నాకుతున్నాయి. అవ్వని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆవిడకి అదే ఎక్కువ బాధగా ఉంది.

చివరికి మెలికే వచ్చి అవ్వ ముందు బారుగా పడుకుంది.

"వలిచెయ్యవ్వా. ఆ పిల్లల ఏడుపు నేను వినలేకపోతున్నా."

"నా వల్ల కాదు తల్లీ. నిన్ను పెంచింది ఇందుకా?"

"మెల్లిగా వలువు. నేను కదలను."

అవ్వ దగ్గరికి జరిగింది. గోటి కొసతో మూతి దగ్గర అలా తాకిందో లేదో, ఉడికిన చామదుంప పొట్టులా తోలు జారింది. అవ్వ గుండె గుభేలుమంది. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఆగకవ్వా, హాయిగా ఉంది" అంది మెలిక.

ఇక తనే పక్కనున్న బండకి ఒళ్ళు రాసుకుంటూ పాత తోల్లోంచి జరజరా బయటికొచ్చేసింది. చూస్తే కింద ఇంకో తోలు, నిగనిగలాడుతూ, ఒంటికి సరిగ్గా సరిపోయేలా. దురద ఊసే లేదు.

అవ్వ దాన్ని తల నుంచి తోక దాకా తడిమి చూసింది. రక్తపు చుక్క లేదు. అప్పుడు భోరుమని ఏడ్చింది, ఆ ఏడుపులోనే నవ్వింది. పైనుంచి చూస్తున్న కొండ గబగబా ఊట వదిలేసింది.

"నాకూ గుండె ఆగినంత పనైంది అవ్వా. పెంచినవాళ్ళు కోపంలో అనే మాటలు ఇకమీదట నేను పట్టించుకోను" అంది కొండ.

మెలికని చూసి అప్పటినుంచే పాములన్నీ ఒళ్ళు పెరిగినప్పుడల్లా రాళ్ళకి రాసుకుని కుబుసం విడుస్తున్నాయి. తోలు వలుస్తాననే మాట మాత్రం అవ్వల నోళ్ళలో ఉండిపోయింది. ఎంత గట్టిగా అన్నా ఇవాళ్టిదాకా ఏ పిల్ల తోలూ ఊడలేదు. ఆ మాటన్న అవ్వే కాసేపటికి కేకేసి పిలిచి, అన్నం కలిపి పెడుతుంది.