అరచేతి ఊపిరి నోము కథ

పూర్వము సుమేధుడను ముని హరితాక్ష మహర్షికి నమస్కరించి, మనుష్యులు తమ బాధను నోటితో చెప్పుకొందురు గదా, నోరులేని జీవుల బాధ తీర్చువారికి ఏ నోము తోడగునని అడిగెను. మహర్షి సంతసించి ఇట్లు చెప్పెను.

కుందవరమను పట్టణమున వకుళ యను పశువైద్యురాలు ఉండెను. తండ్రి ఆమెకొక నోము నేర్పెను. ఏ జంతువునైనను తాకుటకు ముందు పశుపతిని తలచి, దాని ఎదుట కూర్చుండి, కడిగిన అరచేయి చాపి, అది వాసన చూచి తన ఊపిరి చేతిపై విడుచువరకు వేచియుండవలెను. చిలుకైనచో తానై వేలిపై వాలవలెను. వకుళ అట్లే చేయుచుండెను.

ఒకనాడామె రాజుగారి పట్టపుటేనుగు కాలిపుండు మాన్పెను. రాజు పట్టుచీరలును పునుగు పరిమళపు భరిణెలును బహూకరించెను. నాటినుండి వకుళ చేతులకు పునుగు పూసుకొనసాగెను. వేచియుండు ఓపిక పోయి, పశువులను కట్టిపడవేయించి మందు పోయుచుండెను. కుమ్మరి గురవడు వచ్చి తన గాడిద డెక్కలో ముల్లు విరిగినదని బతిమాలెను.

"పట్టపుటేనుగును చూసిన చేతులివి. గాడిదను పట్టుకోమంటావా?"

"ఏనుగుకైనా నొప్పి పెట్టింది కాలే కదమ్మా," అని గొణుగుకొనుచు గురవడు వెళ్ళిపోయెను.

నోము తప్పిన చేతిలో వైద్యము నిలువదాయెను. మేకలు ఆమెను చూచి పారిపోయెను. రాజుగారి గుఱ్ఱము తన్నెను. చిలుక వేలు కొరికెను. పిలుచువారు లేక గాదె అడుగంటెను, చీరలు ఒక్కొక్కటే అమ్ముడుపోయెను. పునుగు పూత మాత్రము ఆమె మానదాయెను. తుదకు మిగిలినది చూలుతోనున్న పుల్లావు ఒక్కటియే.

అది నొప్పులు పడుచుండగా దూడ ముందుకాలు లోపల మడతపడి అడ్డుపడెను. వకుళ దగ్గరకు పోగానే ఆవు కొమ్ములు విసరెను. తాళ్ళు తెచ్చి కట్టబోవగా మరింత బెదరెను. ఆలస్యమైనచో తల్లియు దక్కదు, బిడ్డయు దక్కదు. అత్త ఆదెమ్మ గుమ్మములో నిలిచి చూచెను.

"ఏమే, నీ చేతులు పునుగుపిల్లి కంపు కొడుతున్నాయి! పాపం, గొడ్డు నిన్నెలా పోల్చుకుంటుందే? ఆ తాళ్ళు అవతల పారేసి, కుంకుడు రసంతో కడుక్కురా. మీ నాన్న నేర్పిన నోము ఉందిగా, అది కానియ్యి."

"కడిగితే పోతుందా అత్తయ్యా?"

"పోయేదాకా కడుగు."

వకుళ మోచేతుల వరకు తోముకొని, పశుపతిని తలచి, ఆవు ఎదుట చేయి చాపి కూర్చుండెను. ఆవు ముఖము తిప్పుకొనెను. లోపల దూడ అలసిపోవుచున్నదని తెలిసియు, కన్నీళ్ళు దిగమ్రింగుకొని ఆమె కదలదాయెను. కొంతసేపటికి తడిముక్కు ఆమె వేళ్ళను తాకెను. వెచ్చని ఊపిరి అరచేతిని నింపెను. అప్పుడామె చేతికి నూనె రాసికొని, మడతపడిన కాలును మెల్లగా సరిచేసి, నొప్పి వచ్చినపుడు లాగుచు, తగ్గినపుడు ఆగుచు దూడను బయటికి తెచ్చెను. దూడ ఊపిరి తీయదాయెను. ముక్కు తుడిచి ఎండుగడ్డితో ఒళ్ళంతయు రుద్దగా అది తుమ్మెను. తల్లి దానిని నాకి, పిమ్మట వకుళ చేతిని కూడ నాకెను.

మరునాడే వకుళ కుమ్మరి వాకిట కూర్చుండి, ఇంకను కుంటుచున్న గాడిదకు చేయి చాపి, అది సమ్మతించిన పిమ్మట ముల్లు తీసెను. పిలుపులు మరల వచ్చెను, గాదె నిండెను.

కావున పశువైద్యులును, పాడి గలవారును, కోడిపిల్లనైనను పెంచుకొనువారును ఈ నోము నోచవలెను. ఉద్యాపనమునకు పట్టు, బంగారము అక్కరలేదు. కడిగిన చేయియు, వేచియుండు ఓపికయు చాలును. నోచినవారి హస్తవాసి నిలుచును, పాడి పొంగును, వారి అడుగుల చప్పుడుకు కొట్టములోని గొడ్డు బెదరక చెవులు నిక్కించును. కథ విన్నవారు ముందుగా ఇంటి పశువుకు మేత వేసివచ్చి, ఆ పిమ్మటనే ప్రసాదమునకు చేయి చాపుడు.