పేరంటాలు పదో రోజు

ఇటు తిరిగి పడుకో. కాళ్ళు నా మీద వెయ్యకు, అసలే ఉక్కగా ఉంది. ఊఁ కొడతానంటేనే చెప్తాను, లేకపోతే నాకూ నిద్రొస్తోంది.

అనగనగా ఒక ఊళ్ళో పేరంటాలని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు గంగరాజు. ఇద్దరు కొడుకులు. పెద్దాడు సూరన్న, చిన్నాడు కొండయ్య. ఇద్దరూ మీసాలొచ్చినవాళ్ళే గానీ, ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో ఒక్కడికీ తెలీదు. వాళ్ళ నాన్నకి తెలిస్తే కదా వీళ్ళకి తెలియడానికి!

పెళ్ళయిన పాతికేళ్ళలో పేరంటాలు ఒక్క పూట పొయ్యి మానలేదు. జొరమొచ్చినా వండింది. అలాంటిది ఒకనాడు గరిటె కింద పెట్టేసి, "ఎద్దులకైనా అమావాస్యనాడు అరక కట్టరు. నాకేదయ్యా సెలవు? ఏటికి పది రోజులు నాకివ్వండి. చెరువు గట్టున మా నాన్న నాకిచ్చిన తాటాకు పాకుంది. అక్కడ కూర్చుని చేపలు పట్టుకుంటాను" అంది.

గంగరాజు నవ్వేసి సరేనన్నాడు. ఏదో మాటవరసకి అందనుకున్నాడు. ఆవిడ మూట కట్టుకుని నిజంగానే వెళ్ళిపోయింది.

ఏం, తప్పా? మగాళ్ళు చుట్ట కాల్చుకుంటూ అరుగుల మీద కూర్చుంటే ఎవరూ అడగరు. ఆడది గాలం పట్టుకుని కూర్చుంటే మాత్రం లోకం తలకిందులైపోతుంది. నాకు ఒళ్ళు మండుతుందే తల్లీ! సరే, కథలోకి వద్దాం.

పొద్దున్నే ఎర గుచ్చడం, గాలం వెయ్యడం, నీళ్ళ మీద బెండు వంక చూస్తూ కూర్చోవడం. అదే పని. ఆకలేస్తే తింటుంది, నిద్రొస్తే పడుకుంటుంది. "అమ్మా, నా తువ్వాలేది?" అని అడిగేవాడు లేడు. తొమ్మిది రోజులు ఇట్టే గడిచిపోయాయి.

పదో రోజు, అదే ఆఖరి రోజు, ఇంటి దగ్గర ఒక చిక్కొచ్చి పడింది. వాళ్ళకి ఒక గేదె ఉంది. మహా మొండిఘటం. అలవాటు లేని చెయ్యి పడితే చేపదు. చేపడమంటే పాలు విడవడం, తెలిసిందా? తొమ్మిది రోజులూ పక్కింటి సుభద్రమ్మ పితికింది. ఆ పొద్దున ఆవిడ కూతురికి నొప్పులొస్తున్నాయని బండెక్కి పోయింది. గేదె పొదుగు నిండి ఒకటే అరుపు. కొండయ్య వెళ్ళి కూర్చున్నాడు. ఫెడీమని తన్నింది. చెంబొక మూల, కొండయ్య ఒక మూల.

అప్పుడు వాడు కుంటుకుంటూ చెరువు దగ్గరకి వచ్చాడు. "అమ్మా, ఇంటికి రావే. గేదె చేపట్లేదు."

"ఈ రోజు నాది. రేపు తెల్లారి వస్తాను" అంది పేరంటాలు, బెండు మీంచి కళ్ళు తియ్యకుండా. "దండెం మీద నా పాత చీరుంది. అది చుట్టుకుని కూర్చో. నా వాసన తగిలితే అదే చేపుతుంది."

"నేనా? చీరా? రేపోమాపో పెళ్ళి కావలసినవాణ్ణి!"

"అయితే కుచ్చిళ్ళు పొయ్యడం ఇప్పుడే నేర్చుకో."

వాడు మూతి ముడుచుకుని పోయాడు.

ఆ తర్వాత సూరన్న వచ్చాడు. వాడు ఊళ్ళో కుర్రాళ్ళకి కర్రసాము నేర్పుతాడు. వాడొచ్చి, "ఒక్క పూటే కదమ్మా! నీ మొండితనం కాకపోతే" అన్నాడు.

పేరంటాలికి గుండె కలుక్కుమంది. కన్నకొడుకాయె. గేదె కూడా తన చేతుల్లో పెరిగిందే. కానీ ఆవిడ బాధ ఆవిడది. ఈ ఒక్క పూట వదిలేస్తే వచ్చే ఏడు రెండు రోజులు వదలమంటారు. ఆ పై ఏడు గడప దాటనివ్వరు. ఇక చచ్చేదాకా ఆ పొయ్యే, ఆ గరిటే.

"చీర కట్టుకో" అంది.

"నా శిష్యులు చూస్తే?"

"చూస్తే వాళ్ళకీ పాలు పితకడం వస్తుంది. జరుగు, నీ నీడకి చేపలు బెదురుతున్నాయి."

ఆ తర్వాత, పొద్దు వాలుతుండగా, గంగరాజే వచ్చాడు. ఊరికే రాలేదు. చంకన బిందె పెట్టుకుని గేదెని తోలుకొచ్చాడు! కోసెడు దూరం, మిట్టమధ్యాహ్నం బయల్దేరి, మండుటెండలో! పాపం, నిండిన పొదుగుతో అది అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతోంది.

"నువ్వు గేదె దగ్గరకి రానంటివి. గేదే నీ దగ్గరకి వచ్చింది. ఇప్పుడేమంటావ్?" అని మీసం దువ్వాడు.

పేరంటాలు లేచి గేదె మెడ నిమిరింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గెలిచాననుకున్నాడు గంగరాజు. నువ్వూ అలాగే అనుకున్నావు కదూ? ఆవిడ పాక చూరు మీద ఆరేసిన చీర లాగి ఆయన మొహాన విసిరింది.

"నోరులేని దాన్ని ఇంత దూరం నడిపించావు. దేనికి? నీ సిగ్గుకి! పొద్దున్నే ఇది చుట్టుకునుంటే దానికీ బాధ తప్పేది. పాతికేళ్ళుగా నేను కట్టుకుంటున్న గుడ్డే కదయ్యా. అందులో అంత అవమానం ఏముంది నీకు?"

 గంగరాజు గట్టుకి అటూ ఇటూ చూశాడు. కొంగలు తప్ప ఎవరూ లేరు. గేదె మళ్ళీ అరిచింది. అప్పుడు పంచె మీదే చీర చుట్టుకుని, తల మీద ముసుగేసుకుని కూర్చున్నాడు. గేదె వాసన చూసింది. మీసాలు చూసి అనుమానపడింది కాబోలు, కాసేపు ఆగింది. ఆ తర్వాత చేపింది. చుయ్ చుయ్ మని ఒకటే ధార! బిందె నిండింది. పేరంటాలు వెళ్ళి మళ్ళీ గాలం వేసుకుంది.

"పద మరి, పని అయిపోయిందిగా" అన్నాడు గంగరాజు.

"నీ పని అయింది. నా రోజు అవలేదు."

ఆయన చీర తీసేసి పలుపు పట్టి లాగాడు. గేదె కదల్లేదు. అదిలించాడు. ఊహూఁ. మళ్ళీ చీర చుట్టుకున్నాడు. అప్పుడు బుద్ధిగా వెంట నడిచింది. ఊరి మొదట్లో తీసేద్దామని చూస్తే అక్కడా మొరాయించింది. ఇక చేసేదేముంది? చీరతోనే, నెత్తిన పాలబిందెతో, నడివీధిలోంచి నడిచాడు. జనం ఇళ్ళల్లోంచి బయటికొచ్చి పడీ పడీ నవ్వారు. "ఏమిటి గంగరాజూ ఈ వేషం?" అన్నారు.

గంగరాజుకి ఉక్రోషం ముంచుకొచ్చింది. వీధి వీధంతా వినబడేలా, "మా ఆవిడ సెలవులో ఉంది!" అని అరిచాడు.

ఆ మాట వినగానే నవ్వుతున్న ఆడవాళ్ళంతా టక్కున ఆగిపోయారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "సెలవా? ఆడవాళ్ళకి అదొకటి ఉంటుందా?" అని మెల్లగా అడిగింది ఒకావిడ.

అక్కడ చెరువు దగ్గర బెండు బుడుంగున మునిగింది. పేరంటాలు ఇంత బొచ్చె చేపని, నీ అంత పొడుగుది, లాగి గట్టున పడేసింది. చీకటి పడేదాకా కూర్చుంది. అడిగినవాడు లేడు.

మరుసటి ఏడు ఆ చెరువు గట్టున ఎన్ని గాలాలో తెలుసా? పదిహేడు! ఊళ్ళోనేమో, పొద్దున్నే, గేదెకి ఒకడు చొప్పున, పదిహేడు మంది మగాళ్ళు చీరలు చుట్టుకుని పాలు పితుకుతున్నారు.

నవ్వింది చాలు, కళ్ళు మూసుకో.

కథేమో కంచికెళ్ళె,
గేదేమో దొడ్డికెళ్ళె,
చేపేమో చట్టికెళ్ళె,
మనవరాలు పక్కకెళ్ళె!