అద్దాలకొండ గుంజమ్మ తల్లి నడుముకట్టు

అద్దాలకొండ ఎక్కే భక్తులకు దారి పొడవునా కాళ్ళ కింద ఏదో ఒకటి మెరుస్తూనే ఉంటుంది. అది కాకిబంగారం, అంటే అభ్రకం. పొరలు పొరలుగా అద్దంలా విడివడే ఈ రాయి కోసం ఎక్కడెక్కడి రాళ్ళ పిచ్చివాళ్ళూ సుత్తులు, సంచులు పట్టుకుని వస్తుంటారు. కొండ సగంలో పాత గని నోరు ఉంది. అందులో ఇరవై అడుగులు నడిస్తే గుంజమ్మ తల్లి సన్నిధి. ఆమెకు వేరే విగ్రహం లేదు. గని పైకప్పును మోస్తున్న రాతి స్తంభమే అమ్మవారు. ఆమె నడుము చుట్టూ పేర్చిన రాళ్ళను నడుముకట్టు అంటారు. ఈ సన్నిధిలో గంట ఎందుకు లేదని, అమ్మవారికి చీరకు బదులు రాళ్ళెందుకని కొత్తవారు అడుగుతారు. వారి కోసమే ఈ కథ.

పూర్వం ఇక్కడ గని నడిచే రోజుల్లో అంకయ్య అనే మేస్త్రి ఉండేవాడు. కప్పు కూలకుండా నడుమ కొంత రాయిని తవ్వకుండా వదిలేయడం అప్పటి పని పద్ధతి. అలా వదిలిన స్తంభాన్ని గుంజ అనేవారు. అందులో ఎంత మంచి అభ్రకం కనిపించినా దాని జోలికి పోరాదు. పనిలోకి దిగే ప్రతివాడూ గుంజకు పసుపు రాసి దండం పెట్టేవాడు. కొన్నేళ్ళకు గని మూతపడింది. పూట గడవని ఆడవాళ్ళు మాత్రం లోపలికి పోయి మిగిలిన ముక్కలు ఏరుకునేవారు. అంకయ్య కోడలు చెంగమ్మ, ఆమె స్నేహితురాలు రవణమ్మ కూడా పోయేవారు.

ఒకనాడు అంకయ్యకు మధ్యాహ్నపు కునుకులో పసుపు పూసుకున్న పెద్ద ముత్తైదువ కనిపించి, "నాయనా, నా నడుము నొస్తా ఉంది. ఇంక నిలబడలేను" అంది. గ్రామదేవత పోలేరమ్మ అలిగిందనుకుని ఆయన పొంగలి పెట్టించాడు. మరునాడూ అదే కల. ఈసారి ఆముదం కాచి పోలేరమ్మ రాతికి పట్టించాడు. మనమూ అంతే కదా, నొప్పి ఒకచోట ఉంటే మందు మరొకచోట రాస్తాం! మూడోనాడు ఆమె మళ్ళీ కనిపించింది. నడుము మీద చేయి వేసుకుని పక్కకు ఒరిగింది. అంకయ్య ఉలిక్కిపడి లేచాడు. తాను ఒకప్పుడు పసుపు రాసిన గుంజ గుర్తుకొచ్చి కొండకు పరుగు తీశాడు.

గనిలో కాలు పెట్టిన ఆయన గుంజను చూసి ఉన్నచోటే ఆగిపోయాడు. ఇద్దరి కౌగిలికి కూడా అందని గుంజ నడుము దగ్గర రోకలంత అయింది. చుట్టూ ఉలిదెబ్బలు. ఉలి పట్టుకుని కూర్చున్నది తన కోడలే.

"ఏంది మామా, అట్టా కొయ్యబారిపోయినావు?" అంది చెంగమ్మ. "కింద పడిందంతా చెత్త. దీన్లో చూడు, మొహం కనపడతా ఉంది."

రవణమ్మ నవ్వింది. "మీ మామకు కలలో ఎవరిదో నడుం కనపడిందంటనే! ఊరంతా అదే మాట."

"ఉలి కింద పెట్టండమ్మే. మెల్లిగా" అన్నాడు అంకయ్య. ఆ గొంతు విని ఇద్దరి నవ్వూ ఆగిపోయింది. కప్పు నుంచి మట్టి సన్నగా రాలింది. గుంజలో ఏదో టిక్కుమంది.

"బయటికి పదండి."

చెంగమ్మ గుంజ అవతలికి చూసింది. "మామా, బిడ్డ లోపలుండాది."

బయట ఎండకు తాళలేదని, ఆరునెలల కూతురిని గుంజ అవతలి చల్లని గదిలో చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టింది. పరుగెత్తబోయిన కోడలి చేయి అంకయ్య గట్టిగా పట్టుకున్నాడు.

"ముందు గుంజకు ఊతం. ఇప్పుడు నీ అడుగు అదిరినా అది విరుగుద్ది. ఇంక బిడ్డ దక్కదు."

"నువ్వు తాతవా, రాక్షసుడివా?"

"తాతను గనకే చెప్తుండా. రాయి తే."

పనికిరావని తాము పారేసిన రాళ్ళనే ఆ ఆడవాళ్ళు ఒక్కొక్కటీ అందించారు. అంకయ్య వాటిని గుంజ నడుము చుట్టూ బిగించి పేర్చాడు. ఇంతలో లోపల బిడ్డ లేచి ఏడుపు అందుకుంది. ప్రతి ఏడుపుకూ చెంగమ్మ ఒక రాయి అందించింది. ఉన్నట్టుండి ఏడుపు ఆగిపోయింది. చెంగమ్మ చేయీ ఆగిపోయింది. "తే" అన్నాడు అంకయ్య, ఆమె వైపు చూడకుండా. ఆమె ఇచ్చింది.

చివరి రాయి బిగిశాక చెంగమ్మ మునివేళ్ళ మీద లోపలికి పోయింది. ఉయ్యాలలో బిడ్డ కళ్ళు తెరిచి నవ్వుతూ ఉంది. నుదుట తడి ఆరని పసుపు. గని మూతపడ్డాక అక్కడికి పసుపు తెచ్చినవారే లేరు! బిడ్డను ఎత్తుకుని ఆమె మిగతా ఇద్దరితో గని నోరు దాటిందో లేదో, వెనుక ఆ లోపలి గది భళ్ళున కూలింది. గుంజ మాత్రం నిలిచింది.

నేటికీ చెంగమ్మ వంశపు ఆడపడుచులే ఇక్కడ పూజ చేస్తారు. సన్నిధిలో గంట, డప్పు మోగించరు. కొబ్బరికాయ కూడా బయటే కొడతారు. పక్క సొరంగాలలోకి ఎవరూ పోరాదు. రాళ్ళ కోసం వచ్చినవారితో సహా ప్రతివారూ మెరుపు లేని రాయి ఒకటి ఏరి తెచ్చి నడుముకట్టులో బిగిస్తారు. నడుము నొప్పులు తగ్గుతాయని, కాన్పులు సుఖంగా జరుగుతాయని, కట్టుకున్న ఇల్లు నిలుస్తుందని నమ్మకం. చంటిబిడ్డలను లోపలికి తేరు. బయట ఉన్న ఎవరో ఒకరు, పరాయివారైనా సరే, ఎత్తుకుంటారు. తల్లి రాయి పెట్టి వచ్చి, బిడ్డను తిరిగి చేతుల్లోకి తీసుకుని, గని ముందరి మెట్ల కింద వేలాడే గంటను ఒక్కసారి కొడుతుంది. బిడ్డ తల్లి చేతికి చేరిందని చెప్పే ఆ చప్పుడు వినబడేదాకా లోపల పూజారమ్మ హారతి పళ్ళెం కింద పెట్టదు.