చిట్టెమ్మ చదివిన మాట

భద్రం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే కూర్చున్నచోట జవాబు చెప్పడు. చేతిలో కుంచె కడిగి, గుడ్డకి తుడిచి, సంచీ భుజాన వేసుకుని "పద" అంటాడు. ఎక్కడికండీ అంటే దానికీ జవాబు ఉండదు.

ఆయన ముప్ఫై ఒక్కేళ్ళు బస్సు డిపోలో బోర్డులు రాశాడు. బస్సు ముందు ఊరి పేరు రాసే ఉద్యోగం. రాసింది ఆరగానే చేతులు దులిపేసుకోవడం ఆయనకి చేతకాలేదు. బోర్డుని బస్సుకి తగిలించి, తనూ ఒక ప్రయాణికుడిలా స్టాండులో అరపూట నిలబడేవాడు. ఎవరైనా ఒక్కరు వచ్చి "ఇదెటెళ్తుందండీ?" అని కండక్టర్ని అడిగారా, ఇక అంతే. బోర్డు ఊడదీసి, తుడిచి, మళ్ళీ రాసేవాడు. చదువురానివాళ్ళ కోసం నీకెందుకయ్యా ఈ తాపత్రయం అని తోటివాళ్ళు ఎగతాళి చేసేవారు. ఆయన చెవిన పెట్టేవాడు కాదు. రిటైరయ్యాక కాకినాడలో తన ఇంటి వరండాలోనే పదిమంది పిల్లలకి అక్షరాలు రాయడం నేర్పుతున్నాడు.

ఆ పదిమందిలో దీవెన ఒకతి. ఆటో నడిపే యోబు కూతురు. ఇంటర్ పూర్తిచేసి, యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైనే చదువుతానని పట్టుపట్టి, పరీక్ష రాసి, రెండు చోట్ల సీటు తెచ్చుకుంది. అదేం చదువని మాస్టారు ఒకసారి అడిగితే, "ఫోన్లో గానీ యంత్రం మీద గానీ వాడేవాళ్ళు తికమక పడకుండా అన్నీ అమర్చడం మాస్టారూ" అంది. "ఓస్, బోర్డులు రాయడమేగా" అన్నాడాయన. దీవెనకి కొంచెం చిన్నతనంగా అనిపించింది.

శుక్రవారం పొద్దున్నే ఆ పిల్ల వరండాలోకి వచ్చి నిలబడింది.

"మాస్టారూ, సాయంత్రం ఐదింటికి వెబ్‌సైట్ మూసేస్తారు. ఈలోగా ఏదో ఒక కాలేజీ మీద నొక్కాలి. ఒకటి నొక్కితే రెండోది పోతుంది. నాలుగేళ్ళ చదువు. ఏది నొక్కమంటారు?"

మొదటిది పెద్ద విశ్వవిద్యాలయం. అద్దాల మేడలు, మనిషి కళ్ళు తెర మీద ఎటు తిరుగుతున్నాయో కొలిచే యంత్రాలు, విదేశంలో ఒక సెమిస్టరు. యోబు తన ఆటో స్టాండులో అందరికీ దాని పేరే చెప్పేశాడు కూడా. రెండోది ఒక పాత కాలేజీలో కొత్తగా పెట్టిన విభాగం. రేకుల షెడ్డు, ముగ్గురే పంతుళ్ళు. పేర్లెందుకు లెండి. మొదటిదాని పేరు ఇప్పటికే ఊళ్ళో ప్రతి కరెంటు స్తంభానికీ వేలాడుతోంది, మనం మళ్ళీ చాటింపు వెయ్యక్కర్లేదు.

మాస్టారు కుంచె కడిగాడు. "పద. నీ ఫైలు కూడా పట్టుకురా" అన్నాడు.

ఆ రోజు ఊళ్ళో ఒక ఫంక్షన్ హాల్లో కాలేజీలన్నీ కలిసి అడ్మిషన్ల మేళా పెట్టాయి. ఇద్దరూ అక్కడికి వెళ్ళారు. గేటు పక్కన చిట్టెమ్మ పూలబుట్ట ముందేసుకుని కూర్చునుంది. మాస్టారికి బస్టాండు రోజుల నుంచీ తెలిసిన మనిషి. ముప్ఫై ఏళ్ళ కిందట రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుని, ఆయన రాసిన బోర్డులు రోజూ పైకి చదువుతూ ఆ నాలుగు అక్షరాలూ మర్చిపోకుండా నిలబెట్టుకుంది.

"చిట్టెమ్మా, షుగరు మందులకి ఆసుపత్రికి వెళ్తూనే ఉన్నావా?"

"నెలనెలా వెళ్తన్నానండి. చీటీ లైన్లో నిలబడేసరికే పూటంతా పోతందండి. ఈలోగా పూలు వాడిపోతన్నాయి."

"చీటీ ఇచ్చే యంత్రం ఒకటి చేశారట, లోపల పెట్టారు. కాస్త వాడి చూసి ఎలా ఉందో చెబుతావా?"

"నేనా అండి!" అని నవ్వింది చిట్టెమ్మ. అయినా లేచి, తడి చేతులు కొంగుకి శుభ్రంగా తుడుచుకుని, బుట్ట చంకన పెట్టుకుని వాళ్ళ వెనకాలే నడిచింది. లైను తప్పుతుందంటే ఎవరికి ఆశ ఉండదు?

పెద్ద విశ్వవిద్యాలయం వాళ్ళ స్టాలు హాలు నడిమధ్యన ఉంది. ఒక కుర్రాడు మైకులో ఊదరగొడుతున్నాడు. ఎవరైనా రావచ్చు, ఎవరైనా వాడవచ్చు, అవార్డు గెలుచుకున్న ఆసుపత్రి యంత్రం, సామాన్యుడి కోసం మా విద్యార్థుల కానుక! ఆ మాటలు నమ్మే చిట్టెమ్మ ముందుకెళ్ళింది. చుట్టూ ఒకేలాంటి చొక్కాలేసుకున్న పిల్లలు, పక్కన సూటులో డీన్ గారు. ఒక అమ్మాయి చేతిలో పలకలాంటి ట్యాబ్ పట్టుకుని ఎవరు ఏం చేస్తున్నారో రాసుకుంటోంది.

చిట్టెమ్మ చక్కగా చేసింది. బాధ ఎక్కడో చూపమని తెర మీద మనిషి బొమ్మ వస్తే కాలి మీద వేలు పెట్టింది. పేరు చెప్పమంటే చెప్పింది. వయసు అడిగితే అరవై రెండని నొక్కింది. దీవెనకి ముచ్చటేసింది. అప్పుడు తెర అంతా తెల్లగా అయిపోయి, మధ్యలో పచ్చటి పట్టీ మీద ఒకే ఒక్క మాట వచ్చింది. చిట్టెమ్మ దాన్ని కూడబలుక్కుని పైకే చదివింది.

"స... మ... ర్పిం... చం... డి."

చదివి, రెండడుగులు వెనక్కి వేసి కాళ్ళకున్న చెప్పులు విడిచింది. బుట్టలోంచి మూరెడు కనకాంబరాల దండ తీసి, తెర కింద ఉన్న చిన్న అంచు మీద పెట్టి, చేతులు జోడించి నిలబడింది.

గొల్లున నవ్వారు. చొక్కాల పిల్లలందరూ నవ్వారు. ఒకడు ఫోను తీసి వీడియో పట్టాడు. ఇంకొకడు ఆ దండ తీసి యంత్రం నెత్తిన వేలాడేసి, దాని పక్కన దండం పెడుతూ ఫోటో దిగాడు. ఆవిడకి వీళ్ళ అమ్మమ్మ వయసుంటుంది! ఆ పాడు నవ్వుకి పక్క స్టాళ్ళ వాళ్ళు కూడా తొంగిచూశారు. చెప్పొద్దూ, దీవెన కూడా నవ్వింది. పెద్దగా కాదు, ముక్కులోంచి ఫక్కుమని వచ్చిన నవ్వు. సరిగ్గా అప్పుడే చిట్టెమ్మ తలతిప్పి తనని తీసుకొచ్చిన ఈ పిల్ల వంకే చూసింది. దీవెనకి తల కొట్టేసినట్టయింది.

"ఇదండీ మన దేశంలో సమస్య" అన్నాడు డీన్ గారు, ఎవరికో పాఠం చెబుతున్నట్టు. "మనం ఎంత మంచి డిజైన్ ఇచ్చినా జనానికి అవగాహన లేదు." పలక పట్టుకున్న అమ్మాయి రాసుకుంటూ పైకి చదివింది. "స్త్రీ. అరవై పైన. నిరక్షరాస్యురాలు. తప్పు యూజర్‌ది."

చిట్టెమ్మ చెప్పులు తొడుక్కుంది. బుట్ట ఎత్తుకుంది. పిల్లల వైపు తిరిగింది.

"నవ్వుతారేంటి బాబూ? రాసింది మీరు. చదివింది నేను."

అనేసి వెళ్ళిపోయింది. ఒకసారి పెట్టిన పూలు వెనక్కి తీసుకోకూడదు కాబట్టి దండ అక్కడే వదిలేసింది.

దీవెనకి ఒళ్ళు మండిపోయింది. తను నవ్విన నవ్వు గుర్తొచ్చి ఆ మంటని ఇంకా ఎగదోసింది. నేరుగా డీన్ గారి ముందుకెళ్ళింది.

"నిరక్షరాస్యురాలని ఎలా రాస్తారండీ? ఆవిడ చదివింది కాబట్టే పూలు పెట్టింది! చదవకపోతే మీలాగే పచ్చరంగు కనబడగానే నొక్కేసేది. సమర్పించడం అంటే దేవుడికిచ్చేది. మీ ఇళ్ళల్లో ఎవరైనా డాక్టరుకి చీటీ సమర్పిస్తారా? పాలవాడికి గిన్నె సమర్పిస్తారా? ఎక్కడ దొరికింది మీకా మాట?"

చొక్కాల పిల్లలు డీన్ గారి వంక చూశారు. డీన్ గారికి మాత్రం కోపం రాలేదు. అదే ఘోరం. ఆయన మొహం వెలిగిపోయింది.

"వండర్‌ఫుల్! ఇలాంటి ఫైరే మాకు కావాలి. సీటు వచ్చిందా అమ్మా నీకు? ఇంకా ఆలోచిస్తావేం, కన్ఫర్మ్ చేసెయ్" అని, చొక్కా ఒకటి మడత విప్పకుండా ఆమె చేతిలో పెట్టాడు. ఆ కోపాన్ని కూడా ఆయన తన స్టాలులో సరుకు కిందే జమకట్టుకున్నాడు. పలక మీద రాసిన ముక్క అలాగే ఉంది, ఎవరూ కొట్టెయ్యలేదు.

దీవెన చొక్కాని బల్ల మీద పడేసి బయటికొచ్చింది. మెట్ల మీద కూర్చుని రొప్పుతోంది. అంతమంది ముందు కడిగేశానన్న గర్వం కూడా లోపల లేకపోలేదు. మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె చంకలో ఉన్న ఫైలు తీసుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. రెండు కాలేజీల వాళ్ళూ మెచ్చుకుని సీటిచ్చిన ఫైలు అది. రేషన్ కార్డు కోసం ఊళ్ళో ఆడవాళ్ళు వాడుకునేలా తనే గీసిన తెరలు. పదకొండో పేజీ దగ్గర ఆయన వేలు ఆగింది.

పచ్చటి పట్టీ. దాని మీద, ముత్యాల్లాంటి అక్షరాల్లో, మాస్టారి దగ్గర నేర్చుకున్న ఒంపులతో, సమర్పించండి.

"అది... నేను పెట్టింది కాదు మాస్టారూ. ఇంగ్లీషులో సబ్మిట్ అన్నచోట అందరూ అదే పెడతారు. అన్నిట్లోనూ అదే ఉంటుంది" అంది దీవెన. అంటూండగానే తన గొంతులో డీన్ గారి గొంతు వినబడి నోరు మూసుకుంది. కాసేపటికి ఏడుపొచ్చింది. ఏడుపుకన్నా ఎక్కువగా తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ ఆడవాళ్ళు కూడా తన తెర ముందు చెప్పులు విడిచి నిలబడేవాళ్ళేమో. అప్పుడు తనూ ఫోను తీసేదేమో.

"నెల కిందట మీకు చూపించాను కదా. అప్పుడే చెప్పొచ్చుగా మాస్టారూ?" అంది ఉక్రోషంగా.

"ఏం చెప్పను తల్లీ? అక్షరాల వంపులు చూశాను. బావున్నాయన్నాను. మాట చదవలేదు." ఆయన ఫైలు మూశాడు. "ఈ పూట ఇంత పెద్ద హాల్లో తెలుగు చదివింది చిట్టెమ్మ ఒక్కతే."

దీవెన కళ్ళు తుడుచుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది. రేకుల షెడ్డు కాలేజీ వాళ్ళది హాలు చివర, మరుగుదొడ్ల దారిలో పెట్టిన ఒంటి బల్ల. అక్కడ రుక్సానా అనే పంతులమ్మ తన దగ్గరున్న చిన్న తెర మీద ఏదో అంటిస్తోంది. పళ్ళతో టేపు కొరికి, తెల్లకాగితం ముక్కొకటి పట్టీ మీద అతికించింది. కాగితం మీద ఏమీ రాసిలేదు.

"ఏంటి మేడమ్ అది?"

"మాదీ అదే మాటమ్మా" అంది రుక్సానా, తలెత్తకుండా. ఆమె చెవులు ఎర్రబడి ఉన్నాయి. "మూడేళ్ళుగా పాఠం చెబుతున్నాను, సిగ్గులేకుండా. ఆ అవ్వని అక్కడ చూశాక మూసేశాను."

"మరి దాని బదులు ఏం రాస్తారు?"

"తెలీదు. నీకు తెలుసా?"

దీవెన ఆలోచించింది. పంపండి, ఇవ్వండి, అయిపోయింది... ఒకటీ నమ్మకంగా నోట్లోంచి రాలేదు. "నాకూ తెలీదు మేడమ్" అంది.

"ఆవిడ ఎక్కడ కూర్చుంటుందో తెలుసా? క్షమాపణ అడిగి, ఆ మాటేదో ఆవిడ్నే అడగాలి."

"గేటు పక్కన" అంది దీవెన. "నేనూ వస్తాను. నేను కూడా నవ్వాను మేడమ్."

ఇద్దరూ గేటు దగ్గరికి వెళ్ళారు. చిట్టెమ్మ మొదట మొహం తిప్పుకుంది. పూలు కావాలంటే కొనుక్కోండి, మాటలొద్దు అంది. దీవెన ఆవిడ పక్కనే నేల మీద చతికిలబడి, "నవ్వాను చిట్టెమ్మత్తా. తప్పయిపోయింది" అంది. చిట్టెమ్మ ఆ పిల్ల మొహంలోకి చాలాసేపు చూసి, దారం ఉండ ఆమె ఒళ్ళో పడేసింది. "కబుర్లు చెబితే పొద్దుపోదు పాపా. ఈ చివర పట్టుకో" అంది. ఆ తర్వాత ముగ్గురూ దండ కడుతూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మాస్టారు కాస్త దూరంలో, ఒకప్పుడు బస్టాండులో నిలబడినట్టే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

నాలుగూ ముప్పావుకి దీవెన లేచి మాస్టారి దగ్గరికొచ్చింది. ఫోన్లో వెబ్‌సైట్ తెరిచింది. పెద్ద విశ్వవిద్యాలయం పేరు పైన ఉంది, రేకుల షెడ్డు కాలేజీ పేరు దానికింద ఉంది. ఆమె వేలు పైదాని మీద ఆగింది. అద్దాల మేడలు గుర్తొచ్చాయి. ఆటో స్టాండులో నాన్న మొహం గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి ఆయనకేం చెప్పాలి? అయినా వేలు కిందికి జరిపి, రెండోదాని పక్కన గుర్తు పెట్టింది. అప్పుడు తెర అడుగున పచ్చటి పట్టీ ఒకటి వచ్చింది. దీవెన దాన్ని మొదటిసారిగా ఒక్కో అక్షరం చదివింది.

సమర్పించండి.

చదివి తలెత్తింది. "ఇక నొక్కెయ్యనా మాస్టారూ?"

భద్రం మాస్టారు ఫోను వంక చూశాడు, దీవెన వంక చూశాడు, సంచీ భుజాన సర్దుకున్నాడు.

"ఇంకా నన్నడుగుతున్నావంటే, తప్పు బోర్డుదే."