కంత దగ్గర కొంగ లెక్క

ఆ ఏడు ముసురు వదలక గొర్రెల దొడ్డి బురదమయమైంది. గిట్టల మధ్య పుండ్లు లేచి మంద కుంటసాగింది. అదను చూసి నక్క ఏదో పసరు నూరుకొచ్చింది.

"పది రోజుల్లో నయం చేస్తాను. చేస్తే దొడ్డిలోనే ఆ వెచ్చటి మూల నాకివ్వాలి."

మందకు పెద్దదిక్కైన ముసలి ఎద్దుకు అనుమానం వచ్చింది. ఆ మూలనే పాలు మరవని పిల్లలు పడుకుంటాయి. అయినా రుజువు లేని అనుమానం నిందేనని నోరు అదుపులో పెట్టుకుంది. "లెక్క తేలాకే మూల," అంది.

మంద ఏటికి వెళ్లాలంటే ముళ్లకంచె కంతలోంచి ఒక్కొక్కటిగా దూరాలి. కుంటేవాటిని లెక్కపెట్టడానికి అక్కడ కొంగను నిలబెట్టారు. కుంటేవి మొదటిరోజు నలభై. పదోరోజు ఆరు.

"చూశారా! కావాలంటే ఈ పొట్టేలును అడగండి," అంది నక్క.

"నా గిట్ట నున్నబడింది తాతా!" పొట్టేలు గంతేసింది.

ఒక గొర్రె తల ఊపితే అన్నీ ఊపాయి. గొర్రె కసాయినే నమ్ముతుందని పెద్దలు ఊరికే అన్నారా?

"కొంగమ్మా, మొత్తం కంత దాటినవెన్ని?" అని ఎద్దు అడిగింది.

"కుంటేవే చూడమన్నారుగా! అన్నీ కలిపితే మొదట అరవై, ఇవాళ ఇరవై ఎనిమిదే."

మిగతా ముప్పై రెండు ఏవి? ఎద్దు వెతుక్కుంటూ వెళ్లింది. దొడ్డి వెనక తుమ్మల కింద అన్నీ చతికిలబడి ఉన్నాయి.

"ఏటికి రారేమమ్మా?"

"పసరు నిప్పులా మండుతోంది తాతా, అడుగు పడదు. పైకి చెబితే మందు గుణం పోతుందన్నాడు నక్క బావ."

ఇక్కడ ముప్పై రెండు, కంత దగ్గర కుంటేవి ఆరు. అంటే నలభైలో నయమైనవి రెండే! ఎద్దు పొట్టేలును మళ్లీ పిలిచింది. "నువ్వు నిజంగా ఏం చేశావురా?"

"మంట ఓర్వలేక ఆ పూటే ఏట్లో కడిగేశాను. అక్కడే బురద లేని ఇసుకదిబ్బ మీద పడుకుంటున్నాను, పక్కన నాలాగే కడిగేసుకున్న ఒక తెల్ల గొర్రె కూడా. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు."

ఎద్దు నక్క వైపు తిరిగింది. "వైద్యుడా, ఆ పసరు నీ కాలికీ ఓ చుక్క రాసుకో, చూద్దాం."

నక్కకు వేరే అడవిలో రోగులు గుర్తొచ్చారు. తోక ముడిచి పరుగెత్తింది.

రెండు గొర్రెల మాటతోనూ ఎద్దు తృప్తి పడలేదు. పసరు కడిగించి, మందనంతా దిబ్బ ఎక్కించి, పది రోజులు కొంగతో కంత దగ్గరా దిబ్బ మీదా లెక్కపెట్టించి, ప్రతి గొర్రెనూ తానే పలకరించింది. చివరికి కుంటేవి నాలుగు, దాక్కున్నవి లేవు. దొడ్డికి తిరిగొచ్చాక పిల్లలు తమ మూలలోనే హాయిగా పడుకున్నాయి.

నీతి: 'ఎన్ని' అన్నది లెక్క చెబుతుంది, 'ఎందుకు' అన్నది నొప్పి పడ్డవాళ్లే చెబుతారు, రెండూ వినకుండా మందును మెచ్చుకోరాదు.