ఇప్పపువ్వు ఎక్కడ ఆగింది?

ఇప్పలకోన అనే అడవిలో పులి, నక్క, ఎలుగుబంటి, కోతులు, అడవిపందులు, ముళ్ళపందులు ఉండేవి. అక్కడ ఏ బేరమైనా ఎండు ఇప్పపువ్వుతోనే జరిగేది. ఎవరికి పువ్వు వచ్చినా ఐదు దోసిళ్ళకు ఒక దోసిలి పులిరాజు గుహలో పోయాలి. రాజు ఆ పువ్వునే అడవిపందులకు కూలిగా ఇచ్చి, ఏటా వేసవిలో మడుగులో పూడిక తీయించేవాడు.

ఆ కోనలో సూదమ్మ అనే ముళ్ళపందికి ఇద్దరు పిల్లలు. ఆమె గడ్డలు తవ్వి ఎలుగుబంటి కంబళన్నకు ఇచ్చి, బదులుగా ఇప్పపువ్వు తెచ్చుకునేది. వానాకాలంలో నేలంతా బురదై గడ్డలు దొరకవు. ఆ రెండు నెలలూ ఆ పువ్వే పిల్లలకు తిండి.

అనుమానం సూదమ్మకు ఉగ్గుపాలతోనే వచ్చింది. తన నీడ తనకన్నా ముందు నడిస్తే, ఎందుకింత తొందరపడుతోందా అని ఆగి చూసే రకం.

ఆ వేసవిలో కంబళన్న గడ్డల కోసం రావడం మానేశాడు. సూదమ్మ పది రోజులు చూసింది. తవ్విన గడ్డలు వాడి ముడతలు పడుతున్నాయి. పిల్లలకు ఏం పెట్టాలో తోచక ఆమెకు నిద్ర పట్టలేదు. 'వీడికి ఎవరో చవగ్గా ఇస్తున్నారు' అనుకుని, ముళ్ళు నిక్కబొడుచుకుని వెళ్ళింది.

"ఏం అన్నా, మా గడ్డలు చేదయ్యాయా? కొత్త బేరం ఎక్కడ కుదిరింది?"

"బేరమా, నా బొందా! కోతులు తేనె కొనడం మానేశాయమ్మా. నా దగ్గర పువ్వెక్కడిది? వాళ్ళ పెద్ద చిటికమ్మ నా తేనెపట్టులోనే దొంగతనంగా తేనె పిండుకుంటోందని నా అనుమానం," అన్నాడు కంబళన్న.

సూదమ్మ సగమే నమ్మింది. అక్కడి నుంచి కోతుల పెద్ద చిటికమ్మ దగ్గరికి వెళ్ళింది. చెట్టు కింద మామిడిపళ్ళు కుళ్ళి ఈగలు ముసురుతున్నాయి.

తేనె సంగతి అడగగానే, "మేం దొంగలమా?" అని చిటికమ్మ విరుచుకుపడింది. "పందులు మా పళ్ళు కొంటే కదా మేం తేనె కొనేది. వాళ్ళే ఎక్కడో తోట దాచిపెట్టుకున్నారు వదినా, నువ్వే వెళ్ళి చూడు."

పందుల పెద్ద బురదయ్య ఎండి పగుళ్ళిచ్చిన మడుగు గట్టున పడుకుని ఉన్నాడు. "తోటా లేదు, తొక్కా లేదు. పోయినేడు వానలు తగ్గాయి, పువ్వు పొదుపు చేయాలని ఈ ఏడు పూడిక పని మంత్రి నక్క ఆపించేసింది. పని లేదు, కూలి లేదు," అన్నాడు.

ఇంకేం, పువ్వంతా నక్కే మింగుతోందని సూదమ్మకు గట్టి అనుమానం పుట్టింది. భయపడుతూనే రాజు గుహకు వెళ్ళింది.

అక్కడ పులిరాజుకూ అనుమానమే. "మునుపు వచ్చే పువ్వులో సగం కూడా రావడం లేదు. మీరంతా దాచుకుంటున్నారు," అని గుర్రుమన్నాడు.

"ఇకమీదట ఐదుకు రెండు దోసిళ్ళు వసూలు చేద్దాం ప్రభూ. చెడ్డ రోజుల్లో గుప్పిట బిగించాలి," అంది నక్క.

"ముందు గుహ చూపించండి ప్రభూ," అంది సూదమ్మ.

చూస్తే గుహ కప్పు దాకా నిండి ఉంది. నక్క ఒక్క రేకు కూడా ముట్టలేదు. అడుగున ఉన్న పువ్వు మాత్రం బూజు పట్టి నల్లబడింది. ఇంతమంది ఒకరినొకరు అనుమానించారు, తీరా దొంగ ఎవరూ లేరు.

"మీరు పందులకు ఇవ్వలేదు. పందులు కోతులకు ఇవ్వలేదు. కోతులు ఎలుగన్నకు, ఎలుగన్న నాకు ఇవ్వలేదు. నాకే రాని పువ్వులో మీ వంతు ఎక్కడి నుంచి తెచ్చేది ప్రభూ?" అని అడిగింది.

"ముళ్ళపంది మనకు రాజ్యం నేర్పుతోంది," అని నక్క నవ్వింది.

"పూడిక పని పెట్టించండి. నెల తిరిగేసరికి గుహకు వచ్చే వంతు పెరగకపోతే, పిల్లలతో సహా ఈ కోన విడిచిపోతాను," అంది సూదమ్మ.

"పెరిగితే నక్క తట్ట పట్టుకుని పూడిక మోయాలి," అన్నాడు రాజు.

పందులు పనిలో దిగాయి. కూలి పువ్వుతో మామిడిపళ్ళు కొన్నాయి. కోతులు తేనె కొన్నాయి. వారం తిరక్కుండానే కంబళన్న పువ్వు మోసుకుని సూదమ్మ గడపలోకి వచ్చాడు. అతణ్ణి అనుమానించినందుకు ఆమె సిగ్గుపడి, రెండు గడ్డలు కొసరు వేసింది.

నెలాఖరుకు రాజు ఖర్చు పెట్టిన పువ్వంతా తిరిగి రాలేదు. కానీ వచ్చే వంతు మూడింతలైంది. నక్క నెత్తిన తట్ట ఎక్కింది. వానలు పడి, లోతు చేసిన మడుగు నిండింది. సూదమ్మ పిల్లలు ఆ వానాకాలం కడుపునిండా తిన్నారు.

మరుసటేడు పువ్వు విరగబూసింది. "కరువు రోజుల కోసం ఈసారి నాలుగు దోసిళ్ళకు ఒకటి పోయండి," అన్నాడు రాజు. అందరూ గొణిగారు. సూదమ్మ అందరికన్నా ముందు వెళ్ళి తన వంతు పోసింది. పోశాక గుహలోకి తల పెట్టి, లోపల ఎంత ఉందో చూసుకుని మరీ ఇంటికి వచ్చింది.

నీతి: రాజు కలిగిన రోజుల్లో కూడబెట్టాలి, కరువు రోజుల్లో పని కల్పించి ఖర్చు పెట్టాలి, ప్రజలు పొరుగువారిని అనుమానించడం మాని, తామిచ్చిన సొమ్ము ఎక్కడ ఆగిందో అడిగి చూడాలి.