ఎనిమిదో గడి

రాజ్యం పేరు మనకెందుకు గానీ, ఒకానొక రాజ్యంలో తుమ్మికొండ అనే ఊరుండేది. ఆ ఊరి కరణం అక్కిరాజుకు వారం రోజులుగా తిండీ నిద్రా లేవు. కారణం విశ్వంభర మంత్రిగారు.

రాజుగారు కొత్త కోట కట్టిస్తున్నారు. ఊరూరా జనాన్ని లెక్క రాయించి, పనిలేనివాళ్ళను రాళ్ళు మోయడానికి తోలుకొస్తానని మంత్రిగారు మాట ఇచ్చేశారు. అందుకు ఆయనే ఒక పత్రం గీశారు. రైతు, కుమ్మరి, కమ్మరి, సాలె, చాకలి, మంగలి, గొల్ల అని ఏడు గడులు. ఇంటికి ఒక్క పేరే వాటిలో ఉండాలి. మిగతావాళ్ళంతా ఎనిమిదో గడిలో, పనిలేనివాళ్ళు. లెక్కనాడు ఊళ్ళో ఉన్న ఏ ఒక్కరినీ వదలకూడదు.

అక్కిరాజు మూడుసార్లు రాసి పట్టుకెళ్ళాడు. మూడుసార్లూ మంత్రిగారు విసిరికొట్టారు.

"మంగలి గడిలో ఎర్రమ్మ పేరేమిటయ్యా? మొగుడున్నాడుగా?"

"మొగుడు గడ్డాలు గీస్తాడండీ, పెళ్ళిళ్ళకు సన్నాయి ఊదుతాడు. ఎర్రమ్మ మంత్రసాని. ఊళ్ళో సగం మంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే."

"మంత్రసానికి గడి ఉందా?"

"లేదండీ."

"అయితే పని లేదు. ఎనిమిదిలో వెయ్యి."

"నూలు వడికే సాలె ఆడవాళ్ళు..."

"ఎనిమిది!"

ఇలా ఆరువందల పన్నెండు మందిలో నాలుగువందల పైచిలుకు ఎనిమిదో గడిలో పడ్డారు. నాట్లు వేసేవాళ్ళూ అందులోనే, కుమ్మరికి మన్ను తొక్కిపెట్టేవాళ్ళూ అందులోనే. వీళ్ళంతా కోటకు పోతే ఊళ్ళో పొయ్యి వెలగదు. అక్కిరాజుకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చి గంటం విసిరేశాడు. "రేపు రాజుగారి ముందు ఈ దిక్కుమాలిన జాబితా చదవాలి. ఏం చెయ్యనే?"

వడ్లు దంచుతున్న భార్య కామాక్షమ్మ రోకలి ఆపలేదు. "నన్నడుగుతారేం? నేను పనిలేనిదాన్నిగా! అవునూ, ఆ మంత్రిగారు లెక్కనాడు మన ఊళ్ళోనే తిని కూర్చున్నారే, ఆయన్ని ఏ గడిలో రాశారు?"

అక్కిరాజు పరుగున వెళ్ళి గంటం వెతుక్కున్నాడు.

మర్నాడు రాజుగారు తుమ్మికొండకే వచ్చి, ఊరి చావడిలో కొలువుతీరారు. పక్కనే మంత్రిగారు మీసం దువ్వుకుంటూ కూర్చున్నారు.

"పనిలేనివాళ్ళ పేర్లు చదువు," అన్నారు రాజుగారు.

"చిత్తం. మొదటి పేరు, విశ్వంభర మంత్రిగారు."

మంత్రిగారు ఎగిరి లేచారు. "ఎంత పొగరు!"

"నిబంధన మీదేనండీ. లెక్కనాడు మీరు ఊళ్ళో ఉన్నారు. అరక దున్నరు, కుమ్మరి సారె తిప్పరు, మగ్గం నెయ్యరు, గొర్రెలు కాయరు. ఏడు గడులూ వెతికి వెతికి నా కళ్ళు కాయలు కాశాయి."

"మంత్రిత్వం పని కాదుటయ్యా?"

"నేనూ అదే అనుకున్నానండీ. గడి లేదు."

రాజుగారు నవ్వు బిగబట్టుకుని, "మరి మేము ఆనాడు ఈ ఊళ్ళో ఉండుంటేనో?" అన్నారు.

అక్కిరాజు చేతులు జోడించాడు. "లేరు ప్రభూ. ఆ ఒక్కదానివల్లే నేను బతికిపోయాను."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. పత్రం అక్కడికక్కడే చింపించి, కోటపనికి ఇష్టమున్నవాళ్ళే రావాలనీ, వచ్చినవాళ్ళకు కూలి ఇవ్వాలనీ ఆజ్ఞాపించారు. ఏం కావాలో కోరుకొమ్మంటే, "నా హయాంలో ఇంకో లెక్క వద్దు మహాప్రభో!" అని మొత్తుకున్నాడు అక్కిరాజు. రాజుగారు మళ్ళీ నవ్వి, తన శాలువా తీసి ఆయనకు కప్పారు.

అక్కిరాజు ఇంటికొచ్చి ఆ శాలువా భార్య భుజాన వేశాడు. "ఇది నీదేనే. ఉపాయం నీదిగా!"

కామాక్షమ్మ దాన్ని మడిచి పక్కన పెట్టి, చేట ఆయన చేతికిచ్చింది. "చాల్లెండి సంబరం. పనిలేనిదాన్ని ఒక్కదాన్నీ ఎంతకని చెయ్యను? ఈ బియ్యం కాస్త చెరగండి."